మగకప్ప తన పిల్లలను ఎలా గుర్తుపడుతుంది?

ప్రశ్న:
ఫ్రెంచ్ గయానా అడవుల్లో ఉండే అల్లోబేట్స్ ఫెమోరాలిస్ అనే కప్ప ఫొటో ఒకటి చూశాను. బొటనవేలి కణుపంత మగకప్ప ఎండుటాకుల మీద కూర్చుని ఉంది. దాని వీపు నిండా తోకకప్పలు తడిసిన పుచ్చగింజల్లా ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉన్నాయి. మడుగులో గుడ్లు పెట్టి వెళ్లిపోయే కప్పలనే చూస్తూ పెరిగిన నాకు ఇది ఎంతో ఆశ్చర్యం కలిగించింది. ఈ భారాన్ని తల్లికి బదులు తండ్రి ఎందుకు మోస్తుంది? అవి తన పిల్లలేనని దానికి ఎలా తెలుస్తుంది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఈ జాతిలో ప్రతి మగకప్పకూ అడవి నేల మీద సొంత హద్దు ఉంటుంది. అక్కడినుంచి అది కూస్తూ, వేరే మగకప్పలను రానివ్వకుండా కాపలా కాస్తుంది. ఆడకప్ప ఆ హద్దులోకి వచ్చి, రాలిన ఆకుల మధ్య సుమారు 20 గుడ్లు పెట్టి తన చోటికి తిరిగి వెళ్లిపోతుంది కనుక, గుడ్ల దగ్గర మిగిలేది తండ్రే. రెండు మూడు వారాలకు పిల్లలు బయటికి వచ్చాక, అది వాటిని వీపు మీద ఎక్కించుకుని, కూలిన చెట్టు తొర్రలోనో, అడవిపందులు పొర్లిన గుంటలోనో నిలిచిన నీటిని వెతుక్కుంటూ హద్దు దాటి వెళుతుంది. నూరాగ్ పరిశోధన కేంద్రం దగ్గర జరిపిన పరిశీలనలో ఒక్కో ప్రయాణంలో సగటున 8, అత్యధికంగా 25 పిల్లలు కనిపించాయి. దూరం 185 మీటర్ల వరకూ ఉంది. అంత చిన్న ప్రాణికి అది ఎంత దూరమో ఆలోచించండి. తల్లికి ఇందులో పాత్ర లేదు.

రెండవ సమాధానం:
మీ రెండవ ప్రశ్నకు నేను చెబుతాను. మగకప్ప పిల్లలను గుర్తుపట్టదు, చోటును గుర్తుపెట్టుకుంటుంది. పరిశోధకులు వేరే కప్పల గుడ్లను తెచ్చి దాని హద్దులో ఉంచినప్పుడు, వాటిలోని పిల్లలను కూడా అది తన పిల్లలతో సమానంగా నీటికి చేర్చింది. తన హద్దులో ఉన్న గుడ్లు మామూలుగా తనవే అయి ఉంటాయి కాబట్టి, ఈ పద్ధతిలో అది పొరబడే అవకాశం తక్కువ. అదే మగకప్ప కొత్త చోటును ఆక్రమించుకున్నప్పుడు మాత్రం, అక్కడ అంతకుముందే ఉన్న గుడ్లను తినేస్తుంది.

మూడవ సమాధానం:
మొదటి సమాధానంలో ఒక్క సవరణ అవసరం. తల్లికి పాత్ర లేదనడం సరికాదు. హద్దులోని మగకప్పలను తొలగించి చూసినప్పుడు, ఆడకప్పలు వచ్చి పిల్లలను మోసుకెళ్లాయని 2015లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పైగా తల్లి ఈ విషయంలో తండ్రి కంటే కచ్చితంగా ఉంటుంది. తాను ఏ ఆకు కింద గుడ్లు పెట్టిందో సరిగ్గా ఆ చోటికే వచ్చి, అక్కడున్న పిల్లలను మాత్రమే ఎక్కించుకుంటుంది.