వాక్కాయ కంచె కింద ఖాళీగా ఉంది, కాపు కూడా లేదు – ఎప్పుడు, ఎంత కత్తిరించాలి?

దేవరకొండ బత్తాయి తోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర చెల్క నేలలో మా బత్తాయి తోట చుట్టూ మూడడుగులకు ఒకటి చొప్పున వాక్కాయ మొక్కలు నాటి నాలుగేళ్లు కావస్తున్నది. అవి ఇప్పుడు మనిషి ఎత్తున గుబురుగా ఉన్నాయి గాని, మోకాలి ఎత్తు వరకు ఉత్త కాండమే కనిపిస్తున్నది. ఆ సందుల్లోంచి మేకలు సులువుగా దూరుతున్నాయి. చూడడానికి చక్కగా ఉండాలని పనివారు రెండు నెలలకొకసారి పైభాగాన్ని కత్తెరతో సమం చేస్తుంటారు. కాయలు మాత్రం ఇంట్లో పప్పుకు సరిపడా కూడా రావడం లేదు. తోటకు పెట్టిన డ్రిప్పు నీరే వీటికీ అందుతున్నది. కంచె చిక్కబడాలన్నా, కాయ కాయాలన్నా ఏమి చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

కల్వకుర్తి నర్సరీ:

మీరు అడిగిన రెండింటికీ మూలం ఆ కత్తెరలోనే ఉన్నది. వాక్కాయకు పూలు కొమ్మల చివర్లలోనే గుత్తులుగా వస్తాయి కనుక, రెండు నెలలకొకసారి చివళ్లు కోస్తూ పోతే పూత పూయవలసిన చోటే మిగలదు. మన ప్రాంతంలో ఎండలు ముదిరే ముందు పూత మొదలై, వానలు పడ్డాక కాయ పండుతుంది. అందువల్ల కాయలు కోయడం పూర్తయ్యాక, నేలలో ఇంకా తడి ఉండగానే ఏడాదికి ఒక్కసారి కత్తిరించి, ఆ తరువాత వచ్చే చిగుళ్లను మళ్లీ పూత వచ్చేదాకా ముట్టుకోకుండా వదిలివేయండి.

కింది ఖాళీకి ఇంతకంటె కఠినమైన పని చేయక తప్పదు. మృగశిర కార్తెలో మంచి వాన పడిన తరువాత మొక్కలను మోకాలి కంటె కిందికి, నేల నుంచి అడుగు ఎత్తున నరకండి. ఆ ఏడాది కాయల మీద ఆశ వదులుకోవలసిందే గాని, మొదలు నుంచి అనేక పిలకలు లేస్తాయి. అవి జానెడు పెరిగాక చివళ్లు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఇకపై కంచెను పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండేటట్టు మలచండి. ఇప్పుడు మీ కంచెకు పైన గొడుగు విప్పినట్టు ఆకు కమ్ముకొని ఉన్నందున కింది కొమ్మలకు ఎండ తగలక అవి చచ్చిపోయి ఉంటాయి. అంతా ఒకేసారి నరికితే తోట బోసిపోతుందనుకుంటే, ఈ ఏడు రెండు వైపులు, వచ్చే ఏడు మిగిలిన రెండు వైపులు చేసుకోవచ్చును.

నాగర్‌కర్నూల్ వేరుశనగ రైతు:

పై సలహాతో ఏకీభవిస్తూనే రెండు మాటలు చేరుస్తాను. మొదటిది నీరు. బతికి వేరు తన్నుకున్న వాక్కాయకు డ్రిప్పు అవసరం లేదు. రాళ్ల నేలలో వాన నీటితోనే బతికే చెట్టు ఇది. నీరు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేర్లు కుళ్లిపోతాయి కూడా. నాటిన తొలి రెండు ఎండకాలాలలో మాత్రమే తడి ఇవ్వాలి.

రెండవది అడవి పందులు. మేకలను, పశువులను ఆపే ఈ ముళ్ల కంచెను నమ్ముకొని పందుల నుంచి నిశ్చింతగా ఉండవద్దు. మొక్కల మొదళ్ల దగ్గర ఏ మాత్రం సందు దొరికినా అవి మట్టిని తవ్వి లోపలికి వస్తాయి. కంచె చిక్కబడేవరకు బయటి వైపు కందకం గాని, కింది నుంచి రెండు మూడు వరుసల ముళ్ల తీగ గాని ఉండాలి. ఈ చోట ఎవరో ఒకరు కరెంటు తీగ సంగతి ఎత్తుతారు కాబట్టి ముందే చెబుతున్నాను: ఇంటి కరెంటును కంచెకు కలపడం నేరం, దానివల్ల మనుషులే చనిపోతున్నారు.

దేవరకొండ బత్తాయి తోట:

ఇద్దరికీ ధన్యవాదాలు. తూర్పు వైపు కొన్ని మొక్కలు పూర్తిగా ఎండిపోయాయి. ఆ చోట్ల కొమ్మలు గుచ్చితే నాటుకుంటాయా?

కల్వకుర్తి నర్సరీ:

కొమ్మ ముక్కలు వేరు పట్టడం కష్టం. గింజలే మేలు, అయితే అవి త్వరగా మొలకశక్తిని కోల్పోతాయి. బాగా నల్లబడిన పండ్ల నుంచి తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి వారం లోపలే మట్టి నింపిన నర్సరీ సంచుల్లో విత్తండి. ఏడాది పెంచిన మొక్కలను వచ్చే వానాకాలంలో నాటుకోవచ్చును. మీ కంచెలోనే పెద్ద కాయలు, ఎక్కువ కాయలు కాచే చెట్టు ఉంటే దాని కొమ్మకు గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే బెరడు తీసి, తడి నాచు చుట్టి వేరు పట్టించడం) కట్టండి, గింజ మొక్కల్లో తల్లి గుణం అచ్చంగా రాకపోవచ్చు. కొత్త మొక్కలు నాటేచోట ఇరువైపులా ఉన్న పాత చెట్ల కొమ్మలను వెనక్కి కోయడం మరవకండి, వాటి నీడలో చిన్న మొక్క ఎదగదు. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటే జిగురు పాలు అంటుకోవు, తోలు చేతొడుగులు ఉంటే ఇంకా మంచిది. తోటకు లోపలి వైపు చివళ్లు కోయకుండా వదిలి, బయటి వైపు మాత్రమే సమం చేస్తే కంచె పని కంచె చేస్తుంది, పులిహోరకు, పచ్చడికి కాయలూ దక్కుతాయి.