1963 పోర్ట్ వైన్ బాటిల్ వేలం రేటు ఒక్కోచోట ఒక్కోలా ఉంది, ఏది నమ్మాలి?

లంకబాబు_లండన్:
పొద్దున్నించీ దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. మా పాత ఓనరమ్మ ఇల్లు అమ్మేసి వెళ్తూ నాకో వింటేజ్ పోర్ట్ బాటిల్ ఇచ్చింది, నోవల్ అనే కంపెనీది, 1963. అమ్ముదామని పాత వేలం రేట్లు చూస్తే ఒక చోట వేల పౌండ్లు, ఇంకో చోట నూట చిల్లర, అదే పేరు అదే సంవత్సరం! తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్. గోవా పోర్ట్ వైన్ కథలు మాత్రం వద్దు.

సీసామూత:
ఫోటో పెట్టు. బాటిల్లో వైన్ లెవెల్ ఎక్కడిదాకా ఉంది?

గుంటూరు_ఘాటు:
వద్దన్నా చెప్తా, గోవాలో పోర్ట్ అని అమ్మేది అసలు పోర్టే కాదు. పోర్చుగల్‌లో డౌరో లోయకి 1756లోనే హద్దులు గీశారు, ఆ లోయ ద్రాక్షతో చేస్తేనే పోర్ట్. పులుస్తుండగా మధ్యలో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోసి ఆపేస్తారు, అందుకే చక్కెర మిగిలిపోయి అంత తీపి. మనోళ్లు ఎర్రగా తియ్యగా ఉంటే చాలు పోర్ట్ అనేస్తారు.

లంకబాబు_లండన్:
అన్నా నేను అడిగింది రేటు.

పన్నుపోటు:
రేటు తర్వాత, ముందు పన్ను సంగతి చూసుకో తమ్ముడూ. 6,000 పౌండ్ల లోపు అమ్మితే గొడవలేదు. దాటితే మాత్రం, 50 ఏళ్లలోపు పాడైపోయే వస్తువైతే లాభం మీద పన్ను లేదంటారు, మామూలు వైన్ వాళ్లు ఆ వాదనతో బయటపడొచ్చు, కానీ మంచి పోర్ట్ 50 ఏళ్లు దాటినా బాగుంటుంది కదా, అక్కడే దొరికిపోతారు. నువ్వు కొనలేదు, గిఫ్ట్ కదా? ఇచ్చిన రోజు విలువ రాసిపెట్టుకున్నావా?

సీసామూత:
ఒక్క బాటిల్‌కి ఇంత అవసరమా. బాబూ, లేబుల్ మీద నాసియొనల్ అని ఉందా?

లంకబాబు_లండన్:
లేదు. వైన్ షాపు పేరు, వింటేజ్ పోర్ట్, నోవల్, 1963, అంతే. ఇంగ్లండ్ షాపే.

సీసామూత:
అదీ సంగతి. వేలల్లో పోయింది నాసియొనల్ అయ్యుంటుంది. నోవల్ వాళ్ల తోటలోనే చిన్న ముక్క అది, ద్రాక్ష వేర్లు తినే ఫిల్లోక్సెరా పురుగు వచ్చాక అందరూ అమెరికా వేరు మీద అంటు కట్టుకుంటే వీళ్లు ఆ ముక్కలో కట్టలేదు, సొంత వేర్ల మీదే తీగలు. సరుకు చాలా తక్కువ కాబట్టి ఆ రేటు. 1931, 1963 నాసియొనల్ అంటే కలెక్టర్లు కొట్టుకుంటారు. నీది మామూలు నోవల్. అప్పట్లో పీపాలు ఇంగ్లండ్ వచ్చేవి, ఇక్కడి వ్యాపారులే బాటిల్లో పోసి తమ లేబుల్ వేసేవాళ్లు.

ముంజకాయ:
1963 అంటే అంత పాతది కాబట్టే కదా వింటేజ్ అనేది?

గుంటూరు_ఘాటు:
కాదండీ బాబూ! ఒకే ఏడాది పంట, రెండు మూడేళ్లలోపే బాటిల్లో పోయాలి, అదీ వింటేజ్. కొల్యేటా కూడా ఒకే ఏడాదిదే గానీ కనీసం ఏడేళ్లు పీపాలో ఉండాలి, అది టానీ రకం, అంటే పీపాలోనే ముదిరే పోర్ట్. ఈ రెండూ కలిపేసి రేట్లు పోల్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

ముంజకాయ:
సరే గానీ మా ఇంట్లో పాత వీణ ఉంది, దాన్ని వింటేజ్ అనొచ్చా అనకూడదా?

గుంటూరు_ఘాటు:
వీణకి పంట ఏంటండీ.

సీసామూత:
బాబూ లెవెల్ అడిగా. మెడలో ఉందా, భుజం దగ్గరా? మెడ దగ్గర టార్చ్ వేసి కార్కు మీద పేరు కనపడుద్దేమో కూడా చూడు. ఇంకోటి, సైట్లో చూపించే రేటులో కొన్నిచోట్ల కొనేవాడు కట్టే కమిషన్ కలిపేస్తారు, కొన్నిచోట్ల పాట ముగిసి సుత్తి కొట్టిన రేటు ఒక్కటే వేస్తారు, పైగా ఒక బాటిల్‌దా పన్నెండిటి పెట్టెదా చూసుకో. నీ చేతికి వచ్చేది అమ్మకం కమిషన్ పోగా.

లంకబాబు_లండన్:
భుజం కన్నా కిందకే ఉందన్నా. కార్కు మీద ఏం కనపడట్లేదు. నాలుగేళ్లుగా వంటగదిలో గ్యాస్ పొయ్యి పైన షెల్ఫ్‌లో నిలబెట్టి ఉంది.

సీసామూత:
ఇది ముందు చెప్పాలి కదయ్యా. నిలబెడితే కార్కు ఎండిపోద్ది, పైగా పొయ్యి వేడి. వేలం వాళ్లు తీసుకోకపోవచ్చు.

పన్నుపోటు:
గిఫ్ట్ ఇచ్చిన రోజు విలువ చెప్పలేదు?

లంకబాబు_లండన్:
సర్లే, థ్యాంక్సన్నా. ఓనరమ్మకి ఫోన్ చేసి ఆవిడ దగ్గర ఎక్కడ పెట్టేదో అడుగుతా.

ముంజకాయ:
అయితే గోవాది కొనొచ్చా ఇంతకీ?