హాస్కెల్ సర్వీసుల్లో డిస్ట్రిబ్యూటెడ్ ట్రేసింగ్: స్పాన్‌లు తెగిపోతున్నాయి, సమయం తప్పు చోట కనిపిస్తోంది

ప్రశ్న

మా బృందం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మూడు సర్వీసులను నడుపుతోంది. మొదటిది బయటి నుంచి వచ్చే హెచ్‌టీటీపీ రిక్వెస్టులను అందుకుంటుంది, రెండోది ఆర్డర్లను లెక్కగట్టి డేటాబేస్‌లో రాస్తుంది, మూడోది నివేదికలు తయారుచేసి జేసన్ అనే డేటా రూపంలో పంపుతుంది. ఏదైనా రిక్వెస్టు ఆలస్యమైతే మూడు చోట్లా లాగ్‌లు తెరిచి, సమయాలను పక్కపక్కన పెట్టుకుని, ఏ వరుస ఏ రిక్వెస్టుదో ఊహించుకోవలసి వచ్చేది. ఆ బాధ పడలేక డిస్ట్రిబ్యూటెడ్ ట్రేసింగ్ కోసం, అంటే ఒక రిక్వెస్టు అన్ని సర్వీసుల్లోనూ సాగిన దారిని ఒకేచోట చూడటానికి, హెచ్‌ఎస్-ఓపెన్‌టెలిమెట్రీ లైబ్రరీని చేర్చాము. వాయ్ మిడిల్‌వేర్ (వెబ్ సర్వర్‌కు వచ్చే ప్రతి రిక్వెస్టునూ మధ్యలో గమనించే పొర) పెట్టగానే ప్రతి రిక్వెస్టుకూ ఒక స్పాన్ (ఒక పని మొదలు, ముగింపుల నమోదు) వచ్చింది, ముఖ్యమైన పనుల చుట్టూ స్పాన్ తెరిచి మూసే ఇన్‌స్పాన్ ఫంక్షన్ చుట్టాము, ట్రేస్‌లు (ఒకే రిక్వెస్టుకు చెందిన స్పాన్‌ల చెట్లు) కనిపించసాగాయి. అంతవరకు బాగానే ఉంది.

అయితే రెండు విషయాలు కొరుకుడు పడటం లేదు. రెండో సర్వీసులో ఆర్డరు రాసిన తరువాత కొన్ని పనులను ఫోర్క్‌ఐఓతో వెనుక థ్రెడ్‌లకు అప్పగిస్తాము. ఆ పనుల స్పాన్‌లు అసలు రిక్వెస్టు కింద చేరకుండా, తల్లి లేని పిల్లల్లా, ఒక్కొక్కటీ వేరే ట్రేస్‌గా కనిపిస్తున్నాయి. ఇక మూడో సర్వీసులో నివేదిక తయారీకి పెట్టిన స్పాన్ 2 మిల్లీసెకన్లలో ముగుస్తోంది, దాని పక్కనే ఉన్న జేసన్ ఎన్‌కోడింగ్ స్పాన్ మాత్రం 1400 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. ఎన్‌కోడింగ్ అంత బరువైన పని కాదని కొలిచి చూసుకున్నాము.

మూడో సందేహం సాంకేతికం కంటే అభిరుచికి సంబంధించినదేమో. ధరల లెక్కింపు వంటి మా ప్రధాన తర్కమంతా ప్యూర్ ఫంక్షన్లలో, అంటే ఇన్‌పుట్ నుంచి ఫలితం లెక్కించడం తప్ప బయట దేన్నీ ముట్టుకోని ఫంక్షన్లలో, ఉంది. వాటి లోపల స్పాన్‌లు కావాలంటే టైపుల్లోకి ఐఓ (బయటి ప్రపంచంతో పని జరుగుతుందని చెప్పే గుర్తు) తీసుకురాక తప్పదా? అలా చేస్తే హాస్కెల్‌ను ఎంచుకున్న ప్రయోజనమే పోతుందని మా వాళ్లలో సగం మంది వాదన.

సమాధానం 1

మూడో సందేహం నుంచే మొదలుపెడతాను, మిగిలిన రెండింటి చిక్కూ అక్కడే ఉంది కాబట్టి. ప్యూర్ ఫంక్షన్లను ముట్టుకోకండి. స్పాన్ అంటే ఒక పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పే నమోదు. గడియారం చూడటం, యాదృచ్ఛికంగా గుర్తింపు సంఖ్య పుట్టించడం, ఫలితాన్ని ఎక్కడికో పంపడం, ఇవన్నీ ఎఫెక్టులే, అంటే బయటి ప్రపంచంతో జరిపే పనులే. వీటిని ధర లెక్కించే ఫంక్షన్ లోపలికి దొంగచాటుగా, అంటే అన్‌సేఫ్‌పెర్ఫార్మ్‌ఐఓ ద్వారా, చొప్పించిన కోడ్‌ను నేను ఒకచోట చూశాను. కంపైలర్ ఒకే వ్యక్తీకరణను ఒకసారి లెక్కించి పంచుకోవచ్చు, వేరే చోటికి జరపవచ్చు. అందువల్ల అక్కడ స్పాన్‌ల సంఖ్య ఆప్టిమైజేషన్ స్థాయిని బట్టి మారిపోయేది. ఆ ఫంక్షన్‌ను పిలిచే ఐఓ అంచున స్పాన్ పెట్టి, ఎన్ని వరుసలు వచ్చాయి, ఏ మార్గంలో లెక్క జరిగింది వంటి వివరాలను ఫలితం నుంచే తీసి యాట్రిబ్యూట్‌లుగా చేరిస్తే సరిపోతుంది. ఒక ప్యూర్ ఫంక్షన్ లోపల ఏ భాగం సమయం తింటోందో తెలియాలంటే అది ట్రేసింగ్ పని కాదు, జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) ప్రొఫైలర్ పని.

ఇక 2 మిల్లీసెకన్ల వింత. మీ స్పాన్ అబద్ధం చెప్పడం లేదు. మీరు అడగని ప్రశ్నకు నిజం చెబుతోంది. ఇన్‌స్పాన్ లోపల మీరు రాసింది బహుశా ప్యూర్ (నివేదిక వరుసలు) అనే తరహాలో ఉండి ఉంటుంది; ఇక్కడ ప్యూర్ అంటే విలువను ఉన్నదున్నట్టు ఐఓలో చుట్టి ఇచ్చే ఫంక్షన్. హాస్కెల్ లేజీ, అంటే అవసరం పడేదాకా దేన్నీ లెక్కించదు, కాబట్టి అక్కడ మీ చేతికి వచ్చింది నివేదిక కాదు, నివేదిక ఇస్తానన్న ప్రామిసరీ నోటు. ఆ నోటు చేతికి రాగానే స్పాన్ ముగిసింది. తరువాత జేసన్ ఎన్‌కోడర్ ప్రతి ఫీల్డునూ చదవబోయినప్పుడు అసలు లెక్క జరిగింది. అప్పు చేసింది ఒకరు, తీర్చింది మరొకరు.

స్పాన్ లోపలే లెక్క పూర్తి కావాలంటే ఫలితాన్ని అక్కడే బలవంతపెట్టాలి. ఎవాల్యుయేట్ ఒక్కటే వాడితే పైపొర వరకే తేలుతుంది. ఫలితం జాబితా అయితే అది ఖాళీనా కాదా అన్నది మాత్రమే తెలుసుకుని ఆగిపోతుంది. డీప్‌సెక్ ప్యాకేజీలోని, లోపలి దాకా అంతా లెక్కించే ఫోర్స్‌ను జతచేసి, ఎవాల్యుయేట్ (ఫోర్స్ (నివేదిక వరుసలు)) అని రాయండి. ఇందుకు మీ టైపుకు ఎన్‌ఎఫ్‌డేటా ఇన్‌స్టాన్స్ (దాన్ని లోపలి దాకా ఎలా లెక్కించాలో చెప్పే నిర్వచనం) ఉండాలి, దాన్ని జెనెరిక్ ద్వారా ఒక వరుసలో రాబట్టవచ్చు. ఎక్సెప్షన్లకూ ఇదే వర్తిస్తుంది. ఇన్‌స్పాన్ తన లోపల ఎక్సెప్షన్ లేస్తే దాన్ని స్పాన్‌లో నమోదు చేసి, స్థితిని ఎర్రర్‌గా మార్చి, మళ్లీ పైకి విసురుతుంది. కానీ లెక్కించకుండా బయటపడిన వ్యక్తీకరణలో సున్నాతో భాగహారం దాగి ఉంటే, ఆ ఎర్రర్ ఎన్‌కోడింగ్ స్పాన్ నెత్తిన పడుతుంది. తప్పు చేయని ఫంక్షన్ ముందు కూర్చుని మీరు రెండు గంటలు వెతుకుతారు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ట్రేసింగ్ కోసమని ప్రతిచోటా ఫోర్స్ పెట్టకండి. కండ్యూట్ వంటి స్ట్రీమింగ్‌తో కొంచెం కొంచెంగా పంపే నివేదికను ముందే మొత్తం లెక్కించి పెట్టుకుంటే మెమరీ వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. అలాంటి చోట స్పాన్‌ను కండ్యూట్‌ను నిర్మించే చోట కాక, దాన్ని నడిపే రన్‌కండ్యూట్ చుట్టూ పెట్టాలి.

సమాధానం 2

తెగిపోతున్న స్పాన్‌ల సంగతి నేను చెబుతాను. ఈ లైబ్రరీ ప్రస్తుత కాంటెక్స్ట్‌ను, అంటే ఇప్పుడు ఏ స్పాన్ నడుస్తోందన్న సమాచారాన్ని, థ్రెడ్‌కు కట్టి ఉంచుతుంది. ఇన్‌స్పాన్ కొత్త స్పాన్ తెరిచినప్పుడు ఆ థ్రెడ్ కాంటెక్స్ట్‌లో ఇప్పటికే ఉన్న స్పాన్‌ను తల్లిగా తీసుకుంటుంది. ఫోర్క్‌ఐఓతో పుట్టిన థ్రెడ్ ఖాళీ చేతులతో మొదలవుతుంది కాబట్టి అక్కడ తెరిచిన మొదటి స్పాన్ తానే ఒక కొత్త ట్రేస్‌కు వేరు అవుతుంది. అసింక్ లైబ్రరీ వాడినా లోపల జరిగేది అదే. పరిష్కారం సులభం: ఫోర్క్ చేసే ముందు గెట్‌కాంటెక్స్ట్‌తో కాంటెక్స్ట్ తీసుకుని, కొత్త థ్రెడ్‌లో మొదటి పనిగా అటాచ్‌కాంటెక్స్ట్ పిలవాలి. ఈ రెండు వరుసలను ఒక చిన్న ఫంక్షన్‌గా రాసి, నేరుగా ఫోర్క్‌ఐఓ వాడకూడదని బృందంలో నియమం పెట్టుకోండి.

పని థ్రెడ్ పూల్ ద్వారా జరిగితే మాత్రం జాగ్రత్త. పూల్‌లోని థ్రెడ్ చావదు, అదే థ్రెడ్ వరుసగా వేర్వేరు రిక్వెస్టుల పనులు చేస్తుంది. పని ముగిశాక పాత కాంటెక్స్ట్‌ను తీసివేయకపోతే తరువాతి పని పాత రిక్వెస్టుకు బిడ్డ అయి కూర్చుంటుంది. మేము దీన్ని గమనించింది ఒక ట్రేస్ తొమ్మిది గంటలపాటు సాగినట్టు కనిపించిన రోజున. కాబట్టి ఎస్‌టీఎం (థ్రెడ్‌లు డేటాను భద్రంగా పంచుకునే హాస్కెల్ సౌకర్యం) క్యూలో పనితో పాటు కాంటెక్స్ట్‌ను కూడా జంటగా పెట్టి, అతికించడం, తీసివేయడం రెండూ బ్రాకెట్ (ఎక్సెప్షన్ వచ్చినా ముగింపు పనిని తప్పక చేసే ఫంక్షన్) లోపల జరిగేలా చూడండి.

ప్రాసెస్‌ను దాటి వెళ్లేటప్పుడు ఇదే కాంటెక్స్ట్ ఒక హెడర్‌గా మారుతుంది. డబ్ల్యూ3సీ ప్రమాణం ప్రకారం ట్రేస్‌పేరెంట్ అనే ఆ హెడర్ ఇలా ఉంటుంది:

00-71930482650917348206519374820615-5203918476203915-01

మొదటి రెండు అంకెలు వెర్షన్, తరువాతి 32 హెక్స్ అంకెలు ట్రేస్ గుర్తింపు, ఆ తరువాతి 16 పంపిన స్పాన్ గుర్తింపు, చివరి 01 ఈ ట్రేస్ శాంపిల్‌కు, అంటే నమోదు చేసి ఉంచే వాటిలోకి, ఎంపికైందని చెప్పే ఫ్లాగ్. హెచ్‌టీటీపీ క్లయింట్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఈ హెడర్‌ను చేర్చుతుంది, అవతలి వాయ్ మిడిల్‌వేర్ చదువుతుంది. మధ్యలో మెసేజ్ క్యూ ఉంటే ఆ పని ఎవరూ చేసిపెట్టరు. సందేశపు హెడర్లలో మీరే రాసి మీరే చదవాలి. అనేక సందేశాలను ఒక గుత్తిగా తీసుకునే కన్స్యూమర్‌లో ఎవరిని తల్లిగా తీసుకోవాలన్న సమస్య వస్తుంది. అక్కడ తల్లి సంబంధం కాక లింక్‌లు (ఒక స్పాన్ నుంచి మరో స్పాన్‌కు వేసే సూచనలు) వాడటం మేలు.

సమాధానం 3

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. థ్రెడ్‌కు కట్టిన కాంటెక్స్ట్ అంటే టైపుల్లో కనిపించని ఇన్‌పుట్. హాస్కెల్‌లో మనం సాధారణంగా ఇష్టపడనిది సరిగ్గా అదే. రీడర్‌టీ (ఉమ్మడి విలువలను టైపుల్లో కనిపించేలా కోడ్‌కు అందించే చట్రం) పర్యావరణంలో కాంటెక్స్ట్‌ను ఒక ఫీల్డుగా ఉంచి, కొత్త స్పాన్ తెరిచిన ప్రతిసారీ లోకల్ ఫంక్షన్‌తో మార్చితే, ఫోర్క్ చేసిన పని కూడా అదే పర్యావరణంతో నడుస్తుంది కాబట్టి తెగిపోవడం చాలా వరకు ఉండదు. నష్టమూ ఉంది: డేటాబేస్ లైబ్రరీ వంటి, మీ మోనాడ్ (అంటే ఈ చట్రం) గురించి ఏమీ తెలియని కోడ్‌కు ఆ ఫీల్డు అందదు. మీ సొంత కోడ్ ఎక్కువై, రెడీమేడ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ తక్కువైతే నా మార్గం బాగుంటుంది. మీ ప్రశ్న చదివితే మాత్రం మీది అటువంటి పరిస్థితి కాదనిపిస్తోంది.

మరో మాట. ఇది హాస్కెల్‌కే పరిమితమైన తలనొప్పి కాదు. ఎలిక్సిర్ భాషలో కాంటెక్స్ట్ ప్రాసెస్ డిక్షనరీలో (ఒక్కో ప్రాసెస్‌కు సొంతమైన నిల్వలో) ఉంటుంది, టాస్క్ అసింక్ కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, కాబట్టి అక్కడా స్పాన్ ఇలాగే తెగుతుంది, అక్కడా చేత్తో అందించడమే విరుగుడు. ఎలిక్సిర్ వాళ్లకు లేజీ లెక్కల బాధ లేదు, స్ట్రీమ్ మాడ్యూల్ వాడినప్పుడు తప్ప.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఫోర్స్ పెట్టగానే నివేదిక స్పాన్ 1350 మిల్లీసెకన్లకు పెరిగి, ఎన్‌కోడింగ్ 50కి తగ్గింది. అసలు దోషి ఒకే జాబితాను పదేపదే మొదటి నుంచి వెతికే ఒక లుకప్ అని తేలింది. దాని స్థానంలో మ్యాప్ పెట్టాము. కాంటెక్స్ట్‌ను అందించే ఫోర్క్ ఫంక్షన్ కూడా రాసుకున్నాము, తెగిన ట్రేస్‌లు ఇప్పుడు కనిపించడం లేదు.

ఇంకొక్కటి మిగిలింది. రాత్రి పూట నడిచే ఒక కమాండ్‌లైన్ ప్రోగ్రాం కూడా ఉంది. అది ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. దాని స్పాన్‌లు కొన్నిసార్లు వస్తాయి, చాలాసార్లు రావు. శాంపిలింగ్‌ను అనుమానించి నిష్పత్తిని 1.0కి, అంటే అన్నీ నమోదయ్యేలా, మార్చాము, అయినా తేడా లేదు.

సమాధానం 4

శాంపిలింగ్ కాదు. స్పాన్ ముగిసిన వెంటనే బయటకు వెళ్లదు. బ్యాచ్ ప్రాసెసర్ వాటిని పోగుచేసి పంపుతుంది. ఓపెన్‌టెలిమెట్రీ నిర్దేశం ప్రకారం డీఫాల్ట్ విరామం 5000 మిల్లీసెకన్లు, ఒక్కో బ్యాచ్ గరిష్ఠ పరిమాణం 512. మీ ప్రోగ్రాం రెండు సెకన్లలో మెయిన్ నుంచి బయటపడితే, జీహెచ్‌సీ రన్‌టైమ్ మిగిలిన థ్రెడ్‌ల కోసం ఆగదు, పోగైన స్పాన్‌లు దానితోపాటే పోతాయి. మెయిన్ మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టి, మొదట ఇనీషియలైజ్‌గ్లోబల్‌ట్రేసర్‌ప్రొవైడర్, చివర షట్‌డౌన్‌ట్రేసర్‌ప్రొవైడర్ పిలవండి. ఎక్సెప్షన్ వచ్చినా రెండోది నడుస్తుంది, వెళ్లేముందు మిగిలినవన్నీ పంపుతుంది.

1.0ని మాత్రం రద్దీ ఉన్న సర్వీసుల్లో అలాగే వదిలేయకండి. అక్కడ తల్లి స్పాన్ నిర్ణయాన్నే పాటించే పేరెంట్‌బేస్డ్ శాంపిలర్ పెట్టి, నిష్పత్తిని రిక్వెస్టు మొదట అడుగుపెట్టే సర్వీసులో మాత్రమే నిర్ణయించండి. మూడు సర్వీసులూ తల్లి నిర్ణయాన్ని పట్టించుకోకుండా తలో నిష్పత్తి పెట్టుకుంటే సగం సగం ట్రేస్‌లు వస్తాయి, వాటిని చూసి మళ్లీ ఫోర్క్‌ఐఓను అనుమానిస్తారు.

ప్రశ్న అడిగినవారి స్పందన

బ్రాకెట్ చేర్చాము. నిన్న రాత్రి స్పాన్‌లు అన్నీ వచ్చాయి.