ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలు: మనం అడగవలసినది ఏమిటి?

తిరుచానూరు పాఠకుడు:

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి స్తూప శిల్పాలు ఆంధ్రప్రదేశ్‌కు తిరిగి రావాలా, అక్కడే ఉండాలా? ఈ ప్రశ్నను సభ్యుల ముందు పెడుతున్నాను. నా అభిప్రాయం దాచుకోను, అవి రావాలి. ఆ స్తూపం క్రీస్తుపూర్వం మొదలై క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా పెరుగుతూ వచ్చిన మహాచైత్యం, అంటే బౌద్ధుల పెద్ద స్తూపం. 1859లో 121 రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. మిగిలిన వాటిలో పెద్ద భాగం మద్రాసులో నిలిచిపోయింది. ఈరోజు అమరావతికి వెళ్లినవారు చూసేది చాలావరకు ఒక దిబ్బను. లండన్‌ను అడగాలని ఎప్పుడూ అంటూ ఉంటాం కానీ, తిరుపతిలో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కొన్ని గంటల్లో చేరుకోగలిగిన శిల్పాల గురించి మాత్రం మాట్లాడం. ఇది నాకు బాధగా ఉంది.

పాకాల సభ్యుడు:

నేను ఒప్పుకోను. 1953 అక్టోబరు 1 వరకు మనమూ మద్రాసు రాష్ట్రంలోని వాళ్లమే. ఆ మ్యూజియం భవనాలు లేచింది మన తాతలు కట్టిన శిస్తుతో కూడా. 1960లో తిరుత్తణి అటు వెళ్లినప్పుడు గుడినీ గట్టునూ పంచుకోలేదు, సరిహద్దు మాత్రమే జరిగింది. కళాఖండాలను రాష్ట్రాల లెక్కన పంచడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు. పైగా ఆ శిల్పాలను నూట అరవై ఏళ్లకు పైగా కాపాడింది ఆ మ్యూజియమే కదా.

చిత్తూరు చరిత్ర ఉపాధ్యాయిని:

పాకాల సభ్యుడి చివరి వాక్యం దగ్గరే నేను ఆగవలసి వస్తోంది. కాపాడారన్న మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే ఆ రాళ్ల కథతో పాటు ఆ ఇంటి కథ కూడా తెలుసుకోవాలి.

ఎగ్మూరులో ఇప్పుడు మ్యూజియం ఉన్న చోటు మొదట మ్యూజియం కోసం ఏర్పడింది కాదు. అక్కడ పద్దెనిమిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో కంపెనీ అధికారులు నాటకాలకూ, నాట్యాలకూ, విందులకూ చేరే సభామందిరం ఉండేది. దాన్ని పాంథియన్ అనేవారు, ఆ వీధిని నేటికీ పాంథియన్ రోడ్ అంటున్నారు. ఆ ఇల్లు 1821లో మూరత్ అనే ఆర్మీనియన్ వర్తకుడి చేతికి వెళ్లింది. 1830లో ప్రభుత్వం 28,000 రూపాయలకు తిరిగి కొన్నది. 1851లో సర్జన్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ బాధ్యతలో వేరే చోట మొదలైన మ్యూజియం 1854లో ఈ ఇంటికి మారింది. అంటే నూనె దీపాల వెలుగులో మనుషులు ఆడిపాడేందుకు కట్టిన గదులలోకి శిలాజాలూ, ఖనిజాలూ, స్తూప శిల్పాలూ వచ్చి చేరాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు పాత ఇంటి చుట్టూ కొత్త గదులు అల్లుకుంటూ పోయారు.

ఆ ఆవరణ అనగానే చాలామందికి గుర్తుకొచ్చే ఎర్రని కట్టడాలు ఆ తర్వాతివి. 1896లో తెరిచిన కన్నెమెరా గ్రంథాలయం, దాని పక్కనున్న నాటకశాల, 1909లో ప్రారంభమైన విక్టోరియా స్మారక మందిరం హెన్రీ ఇర్విన్ గీసిన నమూనాలు. బ్రాసింగ్టన్ మొదలుపెట్టిన మద్రాసు హైకోర్టు నమూనాను పూర్తి చేసినదీ, మైసూరు అంబావిలాస్ ప్యాలెస్‌కు నమూనా గీసినదీ ఆయనే. స్మారక మందిరాన్ని నిర్మించిన గుత్తేదారు నంబెరుమాళ్ చెట్టి. ఫతేపూర్ సిక్రీ ద్వారాన్ని తలపించే దాని ముఖభాగం ముందు మా పిల్లలు చాలాసేపు నిలబడిపోయారు. ఆ అందాన్ని నేను తక్కువ చేయను. అయితే అంత గట్టిగా కట్టిన ఆ మందిరం కూడా కట్టడం బలహీనపడి చాలా ఏళ్లు మూతపడి ఉన్న సంగతి మనం మరువకూడదు.

ఇక అమరావతి రాళ్ల సంగతి. పద్దెనిమిదో శతాబ్దం చివర కంపెనీ సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేనాటికే స్థానిక జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కోసం ఆ దిబ్బను తవ్వించి రాళ్లు తీయిస్తున్నాడు. ఊరివాళ్లు ఆ దిబ్బను దీపాలదిన్నె అనేవారు. కొన్ని పలకలు గోడల్లోకి, మెట్లలోకి వెళ్లాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయాయి. దోచుకున్నది తెల్లవాళ్లు మాత్రమే అనే వాదన మనకు చెల్లదు, దీన్ని ముందు ఒప్పుకోవాలి. 1816లో మెకంజీ తిరిగి వచ్చి తన చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉండి నేడు రాయిగా లేనివి ఎన్నో ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1877లో రాబర్ట్ సూయెల్, 1881, 82లలో జేమ్స్ బర్గెస్ మళ్లీ తవ్వారు, మరికొన్ని రాళ్లు మద్రాసు చేరాయి.

అక్కడే అసలు దెబ్బ తగిలిందని నా అభిప్రాయం. 1880ల దశకంలో ఆ శిల్పాలను మ్యూజియం గోడల్లోకి పొదిగి గచ్చుతోనూ సిమెంటుతోనూ బిగించేశారు. చూడడానికి వరుసగా, బాగా కనిపించాలన్నది వారి ఉద్దేశం. చైత్యం చుట్టూ నిలిచి ముందూ వెనుకా చూడదగిన ప్రాకార స్తంభాలు గోడకు వీపు ఆనించి ఒకే ముఖంతో నిలబడిపోయాయి. రెండు వైపులా చెక్కిన రాయికి ఒక వైపు కళ్లు మూసినట్టయింది.

నేను తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి అనే మదపుటేనుగు కథను చెక్కిన పతకం ముందు కూర్చోబెట్టాను. గుండ్రని ఆ రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక వైపు అది వీధిలోకి విరుచుకుపడి మనిషిని తొండంతో పట్టి విసురుతుంటుంది, జనం ఒకరి మీద ఒకరు పడి పారిపోతుంటారు, పైన కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తుంటారు. రెండో వైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకాళ్లు వంచి తల దించుకుని ఉంటుంది. మా తరగతిలో ఒక అమ్మాయి ఏనుగు గురించి అడగలేదు. "టీచర్, ఈ రాయి వెనక ఏముంది?" అని అడిగింది. గోడ ఉందని చెప్పాను. అప్పటి నుంచి నా ఆలోచనంతా ఆ గోడ మీదే ఉంది.

విశ్రాంత సివిల్ ఇంజనీరు, తిరుపతి:

టీచరు గారు గోడ సంగతి ఎత్తారు కనుక నాకు తెలిసిన పనిగురించి రెండు మాటలు చెబుతాను.

అమరావతి శిల్పాలను పాలరాతివని అలవాటుగా అంటాం కానీ అవి పలనాటి సున్నపురాతిలో చెక్కినవి. రాయి మెత్తన, ఉలికి తేలికగా లొంగుతుంది, అందుకే ఆ సన్నని పనితనం సాధ్యమైంది. అదే మెత్తదనం వల్ల ఉప్పుకు త్వరగా లొంగిపోతుంది కూడా. నేల తేమ పునాదిలోంచి గోడలోకి ఎక్కుతుంది. గోడ ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలు ఆ తేమలో కరిగి రాతి రంధ్రాల్లోకి చేరతాయి. గది ఎండినప్పుడు నీరు ఆవిరైపోయి లవణం రాతి చర్మం కిందే స్ఫటికంగా గడ్డకడుతుంది. స్ఫటికం పెరిగేటప్పుడు పైపొరను లోపలి నుంచి తోస్తుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, మళ్లీ వానాకాలం, ఇలా సాగుతూ పోతుంటే పెచ్చులు లేస్తాయి. మన పాత తిరుపతి ఇళ్లలో గోడకు ఉప్పు పూసి సున్నం రాలిపోవడం అందరూ చూసినదే, ఇక్కడ రాలిపోయేది ఏనుగు కాలో, కిటికీలోని ముఖమో అవుతుంది. పైగా ఎగ్మూరు సముద్రానికి దగ్గర, గాలే ఉప్పును మోసుకొస్తుంది.

సిమెంటు ఎందుకు అంత చెడ్డదని అడగవచ్చు. గానుగ సున్నం మెత్తన, తేమను తనలోంచి బయటికి పోనిస్తుంది, అవసరమైతే రాయిని విడిచి తానే రాలిపోతుంది. సిమెంటు బిగుసుకుపోతుంది, తేమను తన దారిన పోనివ్వదు, కాబట్టి తేమ రాతిలోంచే బయటికి వస్తుంది. చంద్రగిరిలో రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో, కలప వాడకుండా కట్టారు. వందల ఏళ్లుగా నిలబడి పురావస్తు శాఖ వారి మ్యూజియానికి చోటిచ్చిన ఆ భవనంలో సిమెంటు మరమ్మతు ఎక్కడ పడితే అక్కడ చేస్తే ఏమవుతుందో ఉద్యోగంలో ఉన్నప్పుడు వేరే పాత కట్టడాల మీద చూశాను.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. గోడలోంచి తీయడం అంటే మేకు లాగడం కాదు. ముందు వైపు చెక్కడాన్ని మెత్తని ఆధారంతో బిగించి, వెనుక వైపు నుంచి ఇటుకను ఒక్కొక్క వరుసగా తొలగించుకుంటూ రావాలి. రాతికి అంటుకున్న సిమెంటును ఉలితో కొడితే ఆ దెబ్బ చెక్కడానికి తగులుతుంది, రంపపు తీగతోనో, సన్నని పరికరాలతోనో నిదానంగా కోయాలి. బయటికి వచ్చాక శుద్ధమైన నీటిలో తడిపిన కాగితపు గుజ్జును రాతికి పట్టించి, అది ఆరేటప్పుడు ఉప్పును పీల్చుకునేలా, పదే పదే మార్చాలి. ఒక్కో పలకకు నెలలు పడుతుంది. తొందరపడి లారీలో పెట్టి పంపితే విజయవాడకు చేరేది శిల్పం కాదు, పొడి.

తిరుచానూరు పాఠకుడు:

ఇంజనీరు గారి మాటలు చదివాక నా మొదటి వాక్యంలోని తొందర నాకే కనిపిస్తోంది. కానీ జాగ్రత్త పేరుతో అవి అక్కడే ఉండిపోవాలని చివరకు తేలితే, మన కోరిక మరో వందేళ్లు వాయిదా పడినట్టే కదా?

చిత్తూరు చరిత్ర ఉపాధ్యాయిని:

వాయిదా కాదు, వరుస మార్చమంటున్నాను. ఎవరివి అన్న ప్రశ్నను ముందు పెడితే రెండు ప్రభుత్వాలూ న్యాయస్థానం చుట్టూ తిరుగుతాయి, రాయి గోడలోనే ఉండి పెచ్చులూడుతుంది. ఏ స్థితిలో ఉన్నాయి అన్న ప్రశ్నను ముందు పెడితే తమిళనాడుకు మనం శత్రువులం కాము, ఆ పనిలో భాగస్వాములమవుతాం. గోడలోంచి విడిపించి, ఉప్పు తీసి, రెండు ముఖాలూ కనిపించేలా నిలబెట్టే పనికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా డబ్బూ నిపుణులనూ ఇవ్వాలి. అలా సిద్ధమైన పలకలలో కొన్నింటిని దీర్ఘకాలపు అరువుగా అమరావతికి పంపమని అప్పుడు అడుగుదాం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వారు 1992లో తమ వద్దనున్న పలకలకు ప్రత్యేకమైన గది కట్టుకున్నారు. ఆ శ్రద్ధలో సగమైనా చూపకుండా, మావి మాకు ఇవ్వండి అని అడిగితే మన మాటకు బరువుండదు.

పాకాల సభ్యుడు అన్న మాటలో ఒక సంగతి నాకు నచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మనమూ భాగమే కనుక ఆ భవనమూ మన చరిత్రలోదే. దీన్నే మన వైపు నుంచి కూడా చూడాలి. అమరావతిని 1877లో తవ్వించిన సూయెల్ కృష్ణా జిల్లా కలెక్టరుగా 1887లో బెజవాడలో విక్టోరియా జూబిలీ మ్యూజియానికి శంకుస్థాపన చేశాడు. నేడు బాపూ మ్యూజియం అంటున్నది ఆ భవనాన్నే. 1921లో పింగళి వెంకయ్య గారు తాము రూపొందించిన పతాకాన్ని గాంధీజీకి అందించిన బెజవాడ కాంగ్రెస్ సభలతో ఆ ఇంటి పేరు ముడిపడి ఉంది. అలాంటి భవనం మన దగ్గరే ఉన్నప్పుడు, పరాయి పాలనలో కట్టిన ఇంట్లో మన శిల్పం ఉండడమే అవమానం అన్న వాదన నాకు నిలవదనిపిస్తుంది. ఎవరు కట్టారన్నది కాదు, రాయిని ఎలా ఉంచారన్నదే నన్ను కలవరపెడుతున్నది.

పాకాల సభ్యుడు:

ఆ వరుసకు నేను అభ్యంతరం చెప్పను. పంచమని కాక, బాగు చేద్దామని అడిగితే నేనూ సంతకం పెడతాను.

చిత్తూరు చరిత్ర ఉపాధ్యాయిని:

అయితే రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలకూ పంపే లేఖ ముసాయిదాను ఆదివారం ఇక్కడ పెడతాను. ఇంజనీరు గారూ, గోడ తేమను ఏ ఎత్తుల్లో, ఏ నెలల్లో కొలిచి ప్రజలకు తెలపాలని అడగాలో ఒక పేరా మీరు రాసి పంపండి. తిరుచానూరు పాఠకుడు గారూ, మీరు ఈసారి ఎగ్మూరు వెళ్లినప్పుడు అనుమతి అడిగి నలగిరి పతకం అంచులను దగ్గరగా ఫోటో తీసి తేదీతో ఇక్కడ ఉంచండి. వచ్చే ఏడాది అదే చోట మరోసారి తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుందాం.