బర్త్‌డే వీకెండ్‌కి బెర్లిన్: రెండు రోజుల్లో ఏం చూడాలి?

మాగ్డెబుర్గ్ స్టూడెంట్ (కొత్తగా వచ్చాను):
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. అక్టోబర్‌లో ఎమ్మెస్‌కి వచ్చాను. ఇంటర్ హాస్టల్లో నా రూమ్మేట్ ఇప్పుడు కెమ్నిట్జ్‌లో చదువుతోంది. మార్చి 28, శనివారం తన పుట్టినరోజు. ఆ శని, ఆదివారాలు ఇద్దరం బెర్లిన్ చూద్దామనుకుంటున్నాం. ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లకి చెల్లే నెలవారీ పాస్) ఉంది. ఒక రాత్రి హాస్టల్లో ఉంటాం. అన్నీ కలిపి 150 యూరోలు దాటకూడదు. ఏవి తప్పక చూడాలి, ఏవి వదిలేయొచ్చు? ఒక్క చోటైనా తనకి ముందు చెప్పకుండా తీసుకెళ్లాలని ఉంది.

లైప్‌జిగ్ అక్క (2016 నుంచి):
చెల్లెమ్మా, ముందు టికెట్ సంగతి. ఆ 49 యూరోల టికెట్‌తో ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంతపు ఫాస్ట్ రైళ్లు ఎక్కకూడదు. మాగ్డెబుర్గ్ నుంచి ఆర్ఈ 1 అనే ప్రాంతీయ రైలు నేరుగా బెర్లిన్ వెళ్తుంది, సుమారు గంటా ముప్పావు ప్రయాణం. ట్రాక్ పనుల వల్ల వేళలు మారుతుంటాయి, ముందు రోజు రాత్రి యాప్‌లో ఒకసారి చూసుకో. ఇద్దరూ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. ఆ టికెట్ ఫోటో ఐడీతో కలిపి చూపిస్తేనే చెల్లుతుంది. ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, 60 యూరోలు కట్టమంటారు. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు. ట్రిప్ ఒక వారం తర్వాతకి జరిపి నెల మొదటి ఆదివారం పెట్టుకుంటే మ్యూజియంలు కూడా ఫ్రీ.

బెర్లిన్ వాసి (11 ఏళ్లుగా):
లైప్‌జిగ్ అక్కా, రెండు సవరణలు. 49 యూరోలు పాత రేటు. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఫ్రీ ఆదివారాలు కూడా 2024 డిసెంబర్‌తో ఆగిపోయాయి. వాటి కోసం తేదీ మార్చుకోవద్దమ్మా, పుట్టినరోజు 28నే కదా.

చెల్లెమ్మా, నువ్వు ఇవాళే చేయాల్సిన పని రైష్‌టాగ్ (జర్మన్ పార్లమెంటు భవనం) గాజు గోపురానికి స్లాట్ బుక్ చేయడం. నార్మన్ ఫాస్టర్ డిజైన్ అది, 1999 నుంచి ఉంది. ఉచితమే కానీ పార్లమెంటు సైట్‌లో ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు ఇచ్చి ముందే రిజిస్టర్ కావాలి. ఈ సంగతి తెలియక గేటు దాకా వచ్చి, బయట ఫోటో దిగి వెళ్లిపోయిన మనవాళ్లని ఎంతమందిని చూశానో. ఆ రోజు సూర్యాస్తమయం దాదాపు ఆరున్నరకి. ఆరింటి స్లాట్ దొరికితే అదే తీసుకో. లోపల గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్లే వాలుదారి ఉంటుంది. మధ్యలో 360 అద్దాలు అతికిన పెద్ద గరాటు ఉంటుంది, కింద సభ జరిగే హాలు కనిపిస్తుంది. వెలుతురుండగా ఎక్కితే దిగేసరికి ఊరంతా దీపాలు వెలుగుతాయి. నీ సర్‌ప్రైజ్‌కి ఇంతకంటే మంచి చోటు లేదు. గోపురాన్ని అప్పుడప్పుడు శుభ్రం చేయడానికి మూస్తారు, ఆ రోజుల్లో డాబా మీదికి మాత్రమే పంపుతారు. తేదీ చూసుకుని బుక్ చెయ్.

టీవీ టవర్ వదిలేయ్. 368 మీటర్లు నిజమే గానీ టికెట్‌కి మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుంది.

ఎర్లాంగెన్ అన్న:
చెల్లీ, నువ్వు అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. పుట్టినరోజు అన్నావు కాబట్టి కేక్, క్యాండిల్ ఉంటాయి. గదిలో వెలిగించొద్దు. 2019లో నా మొదటి రూమ్ కథ ఇది. అద్దె 320, అడ్వాన్స్ 960. ఫ్రెండ్ పుట్టినరోజని మా ఊరు చూడ్డానికి వచ్చాడు, రెండు రాత్రులు నా దగ్గరే ఉన్నాడు. పన్నెండు కొట్టగానే నిప్పురవ్వలు చిమ్మే క్యాండిల్ ఒకటి వెలిగించాం. పది సెకన్లలో సీలింగ్ మీద స్మోక్ అలారం మొదలైంది. కుర్చీ ఎక్కి బటన్ నొక్కినా ఆగలేదు. వాడు టవల్‌తో విసురుతున్నాడు, నేను కిటికీలు తెరుస్తున్నాను. అప్పటికే పక్కింటి పెద్దావిడ దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

రెండో రోజున ఓనర్ నుంచి ఉత్తరం. అతిథులను ఉంచడం తప్పట, రాత్రి పది దాటాక చప్పుడు చేయడం తప్పట. రెండోది నిజంగా మా తప్పే. ఏడాది తర్వాత ఖాళీ చేస్తే, సీలింగ్‌కి రంగు వేయించాలని 960లో 410 కోసేసి 550 పంపాడు. ఆ సీలింగ్ మీద అరచేయంత పసుపు మచ్చ నేను చేరక ముందునుంచే ఉంది. కానీ చేరిన రోజు నేను ఫోటో తీయలేదు, గది ఏ స్థితిలో ఉందో రాసే ఒప్పగింత కాగితం రాయించుకోలేదు. ఆ కాగితం ఎక్కడని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆఖరికి అద్దెదారుల సంఘంలో చేరి వాళ్లతో ఉత్తరం రాయిస్తే, ఏడు నెలలకి 300 వచ్చింది. ఆ ఏడు నెలలూ పోస్ట్ బాక్స్ తెరవాలంటేనే టెన్షన్. చట్టం ప్రకారం అడ్వాన్స్ మూడు నెలల కోల్డ్ రెంట్ (హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె) మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టొచ్చు. ఇది రాసి పెట్టుకో.

డార్ట్‌ముండ్ నుంచి:
అన్నా, మీ ఓనర్ చెప్పిన అతిథుల రూల్ తప్పు. ఎవరైనా స్నేహితులు వచ్చి ఉండొచ్చు, అనుమతి అక్కర్లేదు. సాధారణంగా ఆరు వారాల దాకా అతిథి కిందే లెక్క.

ఎర్లాంగెన్ అన్న:
నాకు తర్వాత తెలిసింది తమ్ముడూ. ఆ రోజు తెలియక క్షమాపణ లెటర్ రాసిచ్చాను, అదే నా మెడకి చుట్టుకుంది. అందుకే కొత్తవాళ్లకి చెబుతున్నాను, అర్థం కాని ఉత్తరానికి వెంటనే జవాబు రాయకండి.

డార్ట్‌ముండ్ నుంచి:
అది మాత్రం వంద శాతం. చెల్లెమ్మా, ఇంకో మాట. బెర్లిన్ దాకా వచ్చాం కదా అని ఆదివారం ప్రాగ్ వెళ్దామంటారు ఎవరో ఒకరు. నీ వీసా గడువు అయిపోయి, రెసిడెన్స్ కార్డు ఇంకా రాక, తాత్కాలిక కాగితం మీద ఉంటే దేశం దాటొద్దు. 2024 సెప్టెంబర్ నుంచి అన్ని సరిహద్దుల్లో జర్మన్ పోలీసులు చెకింగ్ చేస్తున్నారు. జర్మనీ లోపల ఎక్కడికైనా నిశ్చింతగా తిరుగు.

బెర్లిన్ వాసి:
అందరూ అమ్మాయి ప్రశ్నకి రండి. ఆదివారం పొద్దున బెర్నావర్ స్ట్రాసెకి వెళ్లండి. అందరూ వెళ్లే చెక్‌పాయింట్ చార్లీ (తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య పాత సరిహద్దు గేటు) దగ్గర ఇప్పుడు ఉన్నది నకలు గుడిసె, చుట్టూ దుకాణాలు. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ కట్టడం మొదలైనప్పుడు ఈ బెర్నావర్ వీధిలో ఒక వైపు ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందు ఫుట్‌పాత్ పశ్చిమ బెర్లిన్‌ది. జనం కిటికీల్లోంచి దూకారు. కింద ఫైర్ సిబ్బంది వలలు పట్టుకున్నారు. తర్వాత ఆ కిటికీలని ఇటుకలతో మూసేశారు. గోడ పోయిన చోట ఇప్పుడు తుప్పు రంగు ఇనుప కడ్డీలు వరసగా నిలబెట్టారు. వాటి మధ్యనుంచి ఇటు అటు నడవొచ్చు. నేను ప్రతి అతిథినీ అక్కడికి తీసుకెళ్తాను, పైసా ఖర్చు లేదు. పక్కనే మావర్‌పార్క్‌లో ఆదివారం సంత ఉంటుంది. బొమ్మలు వేసిన రంగుల గోడ కావాలంటే ఈస్ట్ సైడ్ గ్యాలరీ, 1.3 కిలోమీటర్లు, నడుస్తూ ఫోటోలు తీసుకోవచ్చు.

28 రాత్రి గడియారం మారుతుంది, మర్చిపోకండి. తెల్లవారుజామున రెండు కాగానే మూడు అవుతుంది. ఒక గంట నిద్ర పోతుంది.

లైప్‌జిగ్ అక్క:
రేట్లు సరిదిద్దినందుకు థాంక్స్. కానీ మ్యూజియం ఒక్కటైనా చూడాలి. నోయెస్ మ్యూజియంలో ఈజిప్టు రాణి నెఫెర్‌టీటీ శిల్పం ముందు నిలబడితే మూడువేల ఏళ్ల కిందటి ముఖం అంటే నమ్మలేం. ఆ గదిలో ఫోటోలు తీయనివ్వరు, కళ్లతోనే చూడాలి.

బెర్లిన్ వాసి:
అది ఒప్పుకుంటాను. పెర్గమాన్ మ్యూజియం మాత్రం 2023 అక్టోబర్ నుంచి మూసి ఉంది, పాత వీడియోలు చూసి వెళ్లకండి.

స్టుట్‌గార్ట్ పెద్దాయన (1998 నుంచి):
అమ్మా, శనివారం మధ్యాహ్నం జూ స్టేషన్ దగ్గర 100 నంబర్ బస్సు ఎక్కు. పై అంతస్తులో ముందు సీటు పట్టుకో. మీ టికెట్‌తోనే ఊరి నడిబొడ్డంతా చూపించి అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో దింపుతుంది. హుంబోల్ట్ యూనివర్సిటీ దగ్గర ఒకసారి దిగండి. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ 1926లో ఇక్కడే, అప్పటి బెర్లిన్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నారు, తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు. రోడ్డుకి అవతల బేబెల్‌ప్లాట్జ్‌లో నేలలో ఒక గాజు పలక ఉంటుంది. వంగి చూస్తే కింద తెల్లటి ఖాళీ పుస్తకాల అరలు. 1933 మే 10న నాజీలు పుస్తకాలు కాల్చిన చోటు అది.

ఇంకొకరిని కూడా తలచుకోండి. హైదరాబాద్ వాడు ఆబిద్ హసన్, ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వచ్చి, చదువు వదిలి బెర్లిన్‌లో నేతాజీ దగ్గర చేరారు. ‘జై హింద్’ ఆయన చెప్పిన నినాదమే అంటారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో నేతాజీ వెంట వెళ్లిన భారతీయుడు ఆయనొక్కడే. మన పిల్లలు ఇన్ని వేల మంది ఇక్కడ చదువుతున్నారు, ఆ పేరు తెలిసినవాళ్లు పదిమంది కూడా కనిపించరు. అది నాకు బాధ.

మాగ్డెబుర్గ్ స్టూడెంట్:
అందరికీ చాలా చాలా థాంక్స్. శనివారం ఆరుంపావు స్లాట్ దొరికింది! తన పుట్టిన తేదీ ఫారంలో టైప్ చేస్తుంటే చేతులు వణికాయి, ఇంటర్‌లో హాల్ టికెట్ నింపినట్టు. ఆబిద్ హసన్ గారి గురించి నాకు నిజంగా తెలియదు అంకుల్, తనకి కూడా చెబుతాను. ఎర్లాంగెన్ అన్నా, నా రూమ్ గోడలన్నీ ఇవాళే ఫోటోలు తీశాను. చివరి ప్రశ్న. కేక్ ఇంట్లోనే చేసి రైల్లో తీసుకెళ్లొచ్చా?

బెర్లిన్ వాసి:
కేక్ శుభ్రంగా తెచ్చుకో. చాకు మాత్రం వద్దు. 2025 జూలై నుంచి బెర్లిన్ మెట్రోల్లో, బస్సుల్లో, స్టేషన్లలో కత్తులు నిషేధం, రైష్‌టాగ్ సెక్యూరిటీ దగ్గరా ఆపేస్తారు. ఇంటి దగ్గరే ముక్కలు కోసి డబ్బాలో సర్దుకుని రా.