సమస్యాపూరణం: నీరు తగులఁగానె నిప్పు పుట్టె

నిర్వాహకులు: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. కవులను వారి ఊరి పేరుతోనే పిలుద్దాం.

నీరు తగులఁగానె నిప్పు పుట్టె

మన విశాఖలాగే ఒక పక్క కొండ, ఒక పక్క ఉప్పుటేరు, ఎదురుగా కడలి ఉన్న కల్పిత రేవుపట్టణం ఊహించండి. కాలం 13వ శతాబ్దం. దేవతల మహిమలు వద్దు, చిక్కు పనివాడి చేతిలోనే విడాలి.

భీమిలి:
గుల్ల కాల్చి తెచ్చి గోలెమందునఁ బోసి
కడవ నీరు బంటు వడిగ వంప
బుసలు కొట్టి ముద్ద పొగలు గక్కుచు విచ్చె
నీరు తగులఁగానె నిప్పు పుట్టె

గాజువాక: రెండో పాదంలో కడ-వడి ప్రాసయతి (యతి చోట రెండో అక్షరం కలవడం) చక్కగా కుదిరిందండీ. పనిలోనే తేడా ఉంది. గోలెంలో ముందు నీళ్లు పోసి, కాల్చిన సున్నపు గుల్లను కొద్దికొద్దిగా వేస్తూ పొడవాటి కర్రతో కలుపుతారు. మీ బంటులా సున్నం మీద కడవ వంచితే కుతకుతలాడి కళ్లలోకి చిమ్ముతుంది. పైగా అక్కడ లేచేది ఆవిరి, మంట కాదు. మంట లేవాలంటే అంటుకునేది పక్కన ఉండాలి. 100 మణుగుల గుల్ల కాలిస్తే 56 మణుగులే మిగులుతుంది, కాబట్టి వర్తకుడికి దాన్ని తడపకుండా మోయించడమే లాభం. ఆ పొడి సరుకున్న అంగడి కప్పు కారిందనుకోండి:

గుల్ల కాల్చి తెచ్చి గోనెసంచులఁ బోసి
తాటి కప్పు కింద దాఁపఁ గారె
పొడిగ నున్న గోనె పొగలు గక్కుచు మండె
నీరు తగులఁగానె నిప్పు పుట్టె

ఈ మంట మీద మళ్లీ నీళ్లు చల్లకూడదు. పొడి ఇసుకే దిక్కు.

మధురవాడ:
మిరపబజ్జి వేయ మెరుఁగు బాణలి పెట్టి
నూనె కాఁగినపుడు నూతి నీటఁ
దడిసినట్టి గరిటె దాని లోపల ముంచ
నీరు తగులఁగానె నిప్పు పుట్టె

భీమిలి: ధార బాగుంది. తడి అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరై నూనెను పొయ్యిలోకి చిమ్ముతుంది, అది నిజమే. కానీ మిరప 1492 తర్వాతే అమెరికా దాటి వచ్చింది. ‘మినపగారె వేయ’ అనండి, గణాలూ యతీ చెడవు. నూనె నువ్వులదే అనుకుందాం.

గాజువాక:
ఏటి గట్టుమీద నిరుసుపై చక్రము
తిరుగఁ దిత్తి యుబ్బి తిన్న నూఁద
కొలిమిలోని బొగ్గు కూడె నెఱ్ఱని కాంతి
నీరు తగులఁగానె నిప్పు పుట్టె

నిర్వాహకులు: ఈ మూడింటిలో నాకు బాగా నచ్చిన ఊహ ఇదే. చైనాలో సా.శ. 31లోనే దూ షి అనే అధికారి నీటి చక్రంతో తిత్తులు ఊదించాడు కనుక కాలదోషం లేదు. అయితే నీరు దేనికి తగిలిందో పద్యం చెప్పలేదు. ఈ ఊళ్లో ‘ఏరు’ అనగానే ఉప్పుటేరు తోస్తుంది. అందులో పోటుకు ఒకవైపు, పాటుకు ఇంకోవైపు నీరు పారుతుంది, చక్రం వెనక్కి తిరుగుతుంది. సింహాచలం గంగధారలా కొండ దిగే నీరు కావాలి. ఇక ఒకే తిత్తి అయితే అది ఉబ్బేటప్పుడు గాలి ఆగిపోతుంది, నోటికి కవాటం లేకపోతే నిప్పురవ్వలు లోపలికి లాక్కుని తోలు కాలుతుంది. అందుకే ఇరుసుకు ఎదురెదురుగా రెండు కొయ్యపళ్లు బిగిస్తారు. ఒక పన్ను ఒక తిత్తిని నొక్కుతుంటే, రెండో తిత్తి బరువు లాగగా మళ్లీ నిండుతుంది.

గాజువాక: సవరించాను. గెడ్డ అంటే కొండవాగు.
గెడ్డ గట్టుమీద గిరగిరా చక్రము
తిరుగఁ దిత్తి జంట తిన్న నూఁద
కొలిమి రాఁజె, నదిగొ కొయ్య రెక్కలమీఁద
నీరు తగులఁగానె నిప్పు పుట్టె