అప్‌డేట్: రెండో లైను పలికింది

మూడు ఇంటర్‌ఫేస్‌లున్న లినక్స్ ఫైర్‌వాల్‌లో, రెండో ఇంటర్నెట్ లైను అడ్రసును బయటి నుంచి పింగ్ చేస్తే బదులు రావడం లేదని అడిగాను కదా, కారణం దొరికింది. ఫైర్‌వాల్ రూల్స్‌లో తప్పేమీ లేదు. రెండు రోజులు వాటిని అనవసరంగా తిట్టుకున్నాను.

ప్యాకెట్ల రాకపోకలు చూపించే టీసీపీడంప్‌లో పింగ్ ప్యాకెట్ ఈటీహెచ్2కి (రెండో లైను ఇంటర్‌ఫేస్) వచ్చినట్టు కనిపించింది, ఆపైన జాడ లేదు. మింగేస్తున్నది ఆర్‌పీ ఫిల్టర్, అంటే పంపినవారికి తిరుగు దారి అదే ఇంటర్‌ఫేస్ గుండా లేకపోతే ప్యాకెట్‌ను పారేసే కెర్నల్ తనిఖీ. ఈటీహెచ్2కి 0 (తనిఖీ వద్దు) పెట్టాను కదా అనుకున్నాను. కానీ అన్ని ఇంటర్‌ఫేస్‌లకూ వర్తించే 'ఆల్' విలువ 1గా (కఠిన తనిఖీ) ఉంది, కెర్నల్ రెండింటిలో పెద్దదాన్నే తీసుకుంటుంది. 2 (సడలించిన తనిఖీ) పెట్టగానే బదులు బయలుదేరింది, కానీ మొదటి లైనున్న ఈటీహెచ్1 గుండా! వేరే దారి చెప్పనివన్నీ వెళ్లే డిఫాల్ట్ రూటు అటే ఉంది మరి. రెండో లైను అడ్రసుతో వెళ్లేవాటికి వేరే రూటింగ్ టేబుల్, ఆ టేబుల్‌ను వాడమని చెప్పే ఓ ఐపీ రూల్ రాశాక సరిపోయింది.

బయటి నుంచి వచ్చేవాటిని లోపలి సర్వర్‌కు పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ ఇంకా మిగిలే ఉంది. దానికి కనెక్షన్ మార్కు (ఏ లైను నుంచి వచ్చిందో గుర్తుంచుకునే ముద్ర) వేయాలి. రేపు చూస్తాను.